ఐపీఈ లెక్కలన్నీ కాకి లెక్కలేనా? మీ క్యాంపస్‌లో ఎలా రాసుకుంటున్నారు?

గోదారి_గట్టు
మాది ఒకే కాంపౌండ్‌లో మెడికల్, డెంటల్, నర్సింగ్, ఫిజియో, ఫార్మ్‌డి (ఫార్మసీ డిగ్రీ) ఉన్న క్యాంపస్. మూడేళ్ల కిందట ఇంటర్‌ప్రొఫెషనల్ ఎడ్యుకేషన్ (ఐపీఈ, అంటే వేర్వేరు వైద్య కోర్సులవాళ్లు కలిసి నేర్చుకోవడం) అని మొదలుపెట్టి, "నువ్వు చూసుకోమ్మా" అని కోఆర్డినేటర్ పేరు నాకు తగిలించారు. చూసుకున్నాను. ఇప్పుడు నాక్ (కాలేజీలకి గ్రేడు ఇచ్చే సంస్థ) పని మొదలైంది. ఐదేళ్ల లెక్కలు కావాలట. నిన్న ప్రిన్సిపాల్ గారు పిలిచి, "ఒక్కో స్టూడెంటు ఎన్ని గంటలు, ఎవరితో కలిసి, ఏం చేశాడో తీసి ఇవ్వు, సోమవారానికి" అన్నారు.

నా దగ్గరున్నవి: రిజిస్టర్లు 3 (ఒకటి వానకి తడిసింది), వాట్సాప్ గ్రూపులు 11, డ్రైవ్‌లో పేర్లు లేని జియోట్యాగ్ ఫొటోలు వందల కొద్దీ. ఎంబీబీఎస్ వాళ్లు చేసింది ఎట్‌కామ్ (వైద్య నీతి, మాట తీరు నేర్పే పాఠాలు) లాగ్‌బుక్‌లో ఉంది, నర్సింగ్ వాళ్లది క్లినికల్ పోస్టింగ్ రికార్డులో, ఫార్మ్‌డి వాళ్లది క్లర్క్‌షిప్ (వార్డు శిక్షణ) రికార్డులో.

ఒక్క ఉదాహరణ చెప్తా. సెప్టెంబర్ 17 పేషెంట్ సేఫ్టీ డేకి అందరం కలిసి ఒకటే కార్యక్రమం చేశాం. నర్సింగ్ వాళ్లు వాళ్ల రిపోర్టులో 120 మంది అని రాశారు. మెడికల్ వాళ్లు 85. ఫార్మసీ వాళ్లు 40. కలిపితే 245. సంతకాల షీట్ తీసి లెక్కపెడితే 163. పైగా అది మూడు శాఖల రిపోర్టుల్లో మూడు వేర్వేరు ప్రోగ్రాములుగా ఉంది.

మీరెలా ట్రాక్ చేస్తున్నారో చెప్పండి. సాఫ్ట్‌వేర్ కొనమని మాత్రం చెప్పకండి, ప్రింటర్ ఇంకుకే మూడు సంతకాలు కావాలి ఇక్కడ.

హౌస్‌సర్జన్_గోడు
సమోసాలు ఎన్ని తెప్పించారో బిల్లు చూడండి మేడమ్. అంతకంటే నిజమైన అటెండెన్స్ లేదు.

ఎక్సెల్_సుబ్బారావు
ప్రోగ్రామ్‌కి ఒక వరుస రాస్తున్నారు, అక్కడే తప్పు జరుగుతోంది. ఒక స్టూడెంటు, ఒక యాక్టివిటీ, దానికి ఒక వరుస. 163 మంది వస్తే 163 వరుసలు. చూడటానికి కొండలా ఉంటుంది కానీ తర్వాత పివట్ (ఎక్సెల్ తనే కూడి చూపించే పట్టిక) వేస్తే ఎవరు ఎన్ని గంటలో, ఏ కోర్సువాళ్లు ఎవరితో కలిశారో అదే చెప్తుంది. ప్రోగ్రాముల పట్టిక వేరే షీట్‌లో, ప్రతిదానికీ ఒక కోడ్. రెండింటినీ కోడ్‌తో కలుపుకోండి. మూడు శాఖలూ మూడుసార్లు రాసినా కోడ్ ఒకటే కాబట్టి లెక్క ఒకటే వస్తుంది.

సిస్టర్_అమ్మాజీ
లెక్క సంగతి తర్వాత. అసలు అది ఐపీఈనా కాదా అన్నది ముందు తేలాలి. నేను నర్సింగ్ ట్యూటర్‌ని, 14 ఏళ్ల సర్వీసు. మా పిల్లల్ని పిలిచేది హాల్ నిండటానికి. ముందు వరసల్లో తెల్లకోట్లు, వెనక వరసల్లో మా యూనిఫాం. ఒక సారు రెండు గంటలు స్లయిడ్లు చదువుతారు. మావాళ్లు పక్కవాళ్లతో ఒక్క మాట మాట్లాడరు. మధ్యాహ్నం బస్సెక్కి వచ్చేస్తారు. అది రిజిస్టర్‌లో "ఐపీఈ – 2 గంటలు". ఏం నేర్చుకున్నారమ్మా అని అడిగితే "ఏసీ బాగుంది మేడమ్" అంది ఒక పిల్ల.

ఫార్మ్‌డి_బాబాయి
అమ్మాజీ గారు చెప్పిందే డబ్ల్యూహెచ్‌ఓ 2010 ఫ్రేమ్‌వర్క్‌లోనూ ఉంది. రెండు లేదా అంతకంటే ఎక్కువ వృత్తులవాళ్లు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకుంటేనే ఐపీఈ. ఒకే హాల్లో కూచోవడం "ఒకరితో ఒకరు" కిందకి కూడా రాదు, ఒకరి పక్కన ఒకరు అంతే. పెళ్లి బంతిలో పక్కన కూచున్నంత మాత్రాన వియ్యంకులైపోతామా?

నేను వాడే పరీక్ష ఒకటుంది. ఆ యాక్టివిటీలోంచి ఒక కోర్సువాళ్లని తీసేయండి. అయినా ఏమీ ఆగకుండా జరిగిపోతే అది ఐపీఈ కాదు. ఆగిపోతే రాసుకోండి.

గోదారి_గట్టు
@ఫార్మ్‌డి_బాబాయి ఇప్పుడే మీ పరీక్ష పెట్టి చూశాను. 46 ప్రోగ్రాముల్లో 9 మిగిలాయి. ఈ కాగితం పట్టుకెళ్తే ప్రిన్సిపాల్ గారికి బీపీ నేనే చూడాలి.

హౌస్‌సర్జన్_గోడు
బీపీ నర్సింగ్ వాళ్లు చూసి, మందు ఫార్మ్‌డి వాళ్లు చెక్ చేస్తే పదోది అవుతుంది.

ఓపీ_చీటీ
కాస్త ఎదురు చెప్తాను, తిట్టుకోకండి. నేను మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్. 2019 బ్యాచ్ నుంచి కొత్త కరిక్యులమ్ వచ్చాక మా పిల్లలు నింపే పుస్తకాలు చూశారా? ప్రతి సబ్జెక్టుకీ లాగ్‌బుక్, ఎట్‌కామ్‌కి వేరే, కుటుంబ దత్తతకి (స్టూడెంటు కొన్ని కుటుంబాల ఆరోగ్యం చూసుకోవడం) వేరే. ఎగ్జామ్ ముందు వారం డిపార్ట్‌మెంట్ బయట సంతకాల సంత జరుగుతుంది. ఒక్కరోజులో ఏడాది సంతకాలు పెట్టిన చెయ్యి ఇది. దానిమీద ఇంకో రికార్డు పెడితే ఇంకో అబద్ధం పుడుతుంది, అంతే.

ఇక బాబాయి గారి పరీక్ష మరీ కఠినం. ఫస్టియర్ పిల్లాడికి ఫిజియోథెరపీ అంటే మసాజ్ అనే తెలుసు. వాణ్ని తీసుకెళ్లి ఫిజియో డిపార్ట్‌మెంట్‌లో ఒక పూట కూర్చోబెట్టినా మేలే. దాన్ని సున్నా అంటే ఎలా? విలువ తక్కువ వేయండి, కొట్టేయకండి.

ఫిజియో_పద్మ
ఫస్టియర్ వాళ్లే కాదు సార్, కొందరు ప్రొఫెసర్లు కూడా అలాగే అనుకుంటున్నారు. రిఫరల్ చీటీలో "ఫిజియో ప్లీజ్" అని రాసి పంపుతారు, దేనికో రాయరు.

డల్లాస్_ఫార్మసిస్ట్
ఓపీ_చీటీ గారి మాట సబబే. అమెరికాలో చాలాచోట్ల మెట్లు పెట్టుకున్నారు: మొదట పరిచయం, తర్వాత లోతుగా కలిసి పనిచేయడం, చివర సొంతంగా టీమ్‌లో పని చేయగలగడం. ఫస్టియర్‌లో పరిచయం చాలు. ఫైనల్ ఇయర్‌కి వచ్చినా అందరి రికార్డూ పరిచయం దగ్గరే ఆగిపోతే అప్పుడు ఆలోచించాలి.

నేను ఇక్కడ ఫార్మసీ కాలేజీలో పార్ట్‌టైమ్ పాఠాలు చెప్తాను కాబట్టి కొంచెం తెలుసు. ఇక్కడ ఇది ఇష్టమైతే చేసే పని కాదు. మెడికల్ కాలేజీలకి గుర్తింపు ఇచ్చే ఎల్‌సీఎంఈ వాళ్ల ప్రమాణాల్లో 7.9 అదే, ఫార్మసీ కాలేజీలకి గుర్తింపు ఇచ్చే ఏసీపీఈ వాళ్ల 2016 ప్రమాణాల్లో 11వది అదే ఉండేది. ఎవరి అక్రెడిటర్ వాళ్లని అడుగుతాడు, ఎవరి ఫారం వాళ్లది. ఐపెక్ అనే ఉమ్మడి వేదిక 2011లో ఒక జాబితా ఇచ్చింది, 2016లో మార్చింది, 2023లో మళ్లీ మార్చింది. ఇప్పుడు నాలుగు తలకట్లు: విలువలు–నీతి, ఎవరి పాత్ర ఏమిటి, మాట తీరు, టీమ్‌గా పని. ప్రతి యాక్టివిటీకీ వీటిలో ఏది అని గుర్తు పెట్టుకుంటారు. అలా రాసిపెట్టుకుంటే ఏ అక్రెడిటర్ వచ్చినా అదే షీట్‌లోంచి తీసి ఇవ్వొచ్చు.

ఇక్కడేదో స్వర్గం అనుకోకండి. నేను చేరినప్పుడు మాదీ ఎక్సెలే. నర్సింగ్ వాళ్ల పోర్టల్ వేరు, మావి వేరు, ఒకరి సిస్టమ్‌లోకి ఇంకొకరికి లాగిన్ ఉండదు. తర్వాత రెడ్‌క్యాప్ అనే సాఫ్ట్‌వేర్‌కి మారాం. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వాళ్లు 2004లో రీసెర్చ్ కోసం తయారు చేసింది. లాభాపేక్ష లేని సంస్థలు వాళ్లతో ఒప్పందం చేసుకుంటే లైసెన్సు ఫీజు ఉండదు, ఇండియాలోనూ చాలాచోట్ల వాడుతున్నారు. కాకపోతే సర్వర్, దాన్ని చూసుకునే మనిషి కావాలి.

గోదారి_గట్టు
మనిషి నేనే. సర్వర్ కూడా నేనే.

ఓరుగల్లు_కుర్రాడు
ఏందన్నా, అందరూ స్టూడెంట్ వారీగా రాయుమంటున్రు గానీ అసలు స్టూడెంట్‌ను ఏ నంబర్‌తోని పట్టుకుంటరు? మా దగ్గర మెడికల్, నర్సింగ్ కాళోజీ యూనివర్సిటీ కింద, మా ఫార్మ్‌డి జేఎన్‌టీయూ కింద. హాల్‌టికెట్ నంబర్లు ఒక తీరు ఉండయి, అకడమిక్ క్యాలెండర్లు కలవయి. మా ఫిఫ్త్ ఇయర్ క్లర్క్‌షిప్ జోరుమీదున్నప్పుడు ఎంబీబీఎస్ వాళ్లకు ఎగ్జామ్స్. వాళ్లు ఫ్రీ అయ్యేసరికి మాకు సెలవులు. లాస్ట్ ఇయర్ పేర్లతోని మ్యాచ్ చేసిన్రు. ముగ్గురు సాయికిరణ్‌లు ఉన్నరు. నాకు వచ్చిన సర్టిఫికెట్ మీద ఎవరి గంటలు ఉన్నయో నాకిప్పటికీ తెల్వది.

బెజవాడ_ఎండ
మా ఆంధ్రాలోనూ ఇదే కథ తమ్ముడూ. పైగా మా హెల్త్ యూనివర్సిటీకి 2022లో ఒక పేరు, 2024లో మళ్లీ పాత పేరు. మా క్లర్కు పాపం యూనివర్సిటీ అనే కాలమ్‌లో రెండూ కొట్టాడు. ఎక్సెల్ ఒకే కాలేజీని రెండు యూనివర్సిటీలుగా చూపిస్తోంది.

ఎక్సెల్_సుబ్బారావు
పేరు ఎప్పుడూ తాళంచెవి కాదు. ఫోన్ నంబరూ కాదు, పిల్లలు ఆఫర్‌ని బట్టి సిమ్ మారుస్తారు. క్యాంపస్ కోడ్ మీరే ఇవ్వండి: కోర్సు అక్షరం, చేరిన ఏడాది, వరుస నంబరు. మె22-041, న23-007 ఇలా. చేరినరోజే ఐడీ కార్డు మీద ముద్రించండి. ఇప్పటికే చేరినవాళ్లకి ఒక్కసారి కూర్చుని ఇస్తే రెండు రోజుల పని.

డల్లాస్_ఫార్మసిస్ట్
అక్కడ ఇప్పుడు అపార్ అని స్టూడెంట్లకి 12 అంకెల ఐడీ ఇస్తున్నారుగా, అది వాడొచ్చుగా?

ఎక్సెల్_సుబ్బారావు
వాడొచ్చు, కానీ అందరూ తీసుకోలేదు. పైగా మనవాళ్ల సంగతి తెలిసిందేగా, రేపు ఆ నంబర్ల జాబితా మొత్తం వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు. క్యాంపస్ కోడ్ బయటికి పోతే ఏ నష్టమూ లేదు. పెద్ద ఐడీ ఆఫీసు బీరువాలోనే ఉండనీయండి.

ఫిజియో_పద్మ
ఎవరు, ఎప్పుడు, ఎన్ని గంటలు అన్నది సరే. మా దగ్గర అసలు పనికొచ్చింది వేరేది. పక్షవాతం వార్డులో నలుగురి టీమ్ పెట్టాం: ఒక ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్, ఒక నర్సింగ్, ఒక ఫార్మ్‌డి, ఒక మా బీపీటీ (ఫిజియో డిగ్రీ). ఒకే పేషెంటు, నాలుగు రోజులు, రోజుకి గంటన్నర. చివర్లో ఒక్కటే ప్రశ్న: "పక్క కోర్సువాళ్లు చేసే పనుల్లో ఈ ఉదయం దాకా నీకు తెలియనిది ఏమిటి?"

జవాబులు ఇప్పటికీ నా బ్యాగులో ఉన్నాయి. ఎంబీబీఎస్ అబ్బాయి రాశాడు: "ముక్కు గొట్టం ఉన్న పేషెంటుకి మందు నెమ్మదిగా వదిలే రకం మాత్రల్ని నూరి వేయకూడదు అని ఫార్మ్‌డి అమ్మాయి చెప్పేదాకా ఆలోచించలేదు. మందు ఒకేసారి ఒంట్లోకి పోతుందట. నేను కేస్ షీట్‌లో మాత్ర పేరు రాసి వెళ్లిపోతాను, దాన్ని ఎవరు ఎలా వేస్తారో చూడలేదు." ఫార్మ్‌డి అమ్మాయి రాసింది: "ఆ మాత్రని రాత్రి రెండు గంటలకి నూరేది సిస్టర్ అని, అప్పుడు అడగడానికి నేను వార్డులో ఉండనని తెలిసింది." నర్సింగ్ అమ్మాయి: "చెయ్యి పడిపోయిన వైపు భుజం పట్టి లాగి లేపకూడదు. మేం రోజూ అలాగే లేపుతున్నాం." మా బీపీటీ వాడు: "నేను ఎక్సర్‌సైజ్ చేయించే టైమూ ఫీడ్ ఇచ్చే టైమూ ఒకటే. పేషెంటు ఎందుకు దగ్గుతున్నాడో ఇప్పుడర్థమైంది."

మూడేళ్ల అటెండెన్స్ షీట్లు ఒకెత్తు, ఈ నాలుగు ముక్కలు ఒకెత్తు. మరుసటి వారం ఆ వార్డులో ఫీడ్ టైమ్ మార్చారు.

సిస్టర్_అమ్మాజీ
పద్మ గారూ, మాత్ర నూరేది రాత్రి రెండింటికి అన్నమాట చదివి కాసేపు ఆగిపోయాను. ఇలాంటిదే మా దగ్గర ఫిట్స్ మందు ఫెనిటాయిన్‌తో జరిగింది. ఫీడ్‌తో కలిపి ఇస్తే మందు సరిగా ఒంటపట్టదు, ముందూ వెనకా ఫీడ్ ఆపాలి. అది మావాళ్లకి తెలుసు, ఆర్డర్ రాసిన పిల్లాడికి తెలియదు. అడిగితే "సారు ఏమంటారో" అని భయం. కలిసి నేర్చుకున్నవాళ్లయితే ఆ భయం ఉండదు.

హౌస్‌సర్జన్_గోడు
ప్రశ్న బాగుంది పద్మక్కా, కానీ గూగుల్ ఫారంలో పెట్టి చూడండి. "రోల్స్ అండ్ రెస్పాన్సిబిలిటీస్ గురించి నేర్చుకున్నాను" అని 85 సార్లు వస్తుంది. నేనే ఇద్దరు ఫ్రెండ్స్‌కి నింపాను అప్పట్లో.

ఫిజియో_పద్మ
నింపిన మహానుభావుడివి నువ్వేనా! మొదటి విడతలో 60 మందిలో 30 మందివి ఒకటే జవాబు, "కమ్యూనికేసన్" అన్న తప్పుతో సహా. అందుకే ఫారం మానేశాం. అరకాగితం చీటీ. టీమ్ మొత్తానికి ఒకటే. వార్డులోంచి బయటికి వెళ్లేముందు, నిలబడే, ఒక్కొక్కరు ఒక వాక్యం, అదీ పక్కవాడి పని గురించి. తన గురించి రాసుకోకూడదు. నలుగురి రాతా కనపడాలి. ఫొటో తీసి ఆ చీటీ నంబరు ఎక్సెల్‌లో వేస్తాం. కాపీ కొట్టాలన్నా ఎదురుగా ఆ మనిషే ఉంటాడు.

ఓపీ_చీటీ
ఇది నచ్చింది. లాగ్‌బుక్కి దీన్నే అతికించేయొచ్చు, కొత్త పుస్తకం అక్కర్లేదు. కానీ సంతకం ఎవరిది? మా హెచ్‌ఓడీలు చాలామంది ఎంబీబీఎస్ లాగ్‌బుక్‌లో వేరే కోర్సు ఫ్యాకల్టీ సంతకం ఒప్పుకోరు. రూల్ ఏమిటని అడుగుతారు.

సిస్టర్_అమ్మాజీ
అదీ అసలు రోగం. మా ట్యూటర్ నాలుగు రోజులు పక్కన నిలబడి చూస్తే, సంతకం మాత్రం ఆ నాలుగు రోజులూ వార్డు గడప తొక్కని సారు పెట్టాలి. పిల్లలకి టీమ్‌వర్క్ నేర్పే కాగితం మీదే పెద్దవాళ్లకి అది లేదు. మా సంతకం చెల్లదంటే మా పిల్లల్నీ పిలవకండి.

ఓపీ_చీటీ
మేడమ్, నేను నా అభిప్రాయం చెప్పలేదు, అక్కడ జరిగేది చెప్పాను. నా డిపార్ట్‌మెంట్‌లో అయితే మీ సంతకం చాలు. హెల్త్ సెంటర్లో ఏఎన్‌ఎం దగ్గర నేర్చుకున్నదే నాకిప్పటికీ అన్నం పెడుతోంది.

మోడరేటర్_మావయ్య
ఇద్దరూ ఒకే మాట చెప్తూ కొట్టుకుంటున్నారు. టీ తాగి రండి.

ఫార్మ్‌డి_బాబాయి
మా దగ్గర రెండు గడులు పెట్టాం: "చూసినవారు", "నమోదు చేసినవారు". చూసినవారు ఏ కోర్సువాళ్లయినా సరే. నమోదు సొంత కాలేజీ మెంటర్. హెచ్‌ఓడీ గారి అహం దెబ్బతినలేదు, నిజం కూడా కాగితం మీద ఉంది.

ఇంకొక మాట. గంటలతోపాటు స్కేళ్లు (మార్కులు వేసే ప్రశ్నల జాబితాలు) పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే ఆలోచించుకోండి. రిపుల్స్ అని 1999 నాటిది, 19 ప్రశ్నలు. ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నింపించి "మార్పు వచ్చింది" అని పేపర్ రాసేస్తారు. "కలిసి నేర్చుకోవడం మంచిదేనా" అని అడిగితే కాదని ఎవరంటారు? అది కొలిచేది కలిసి నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాడా అన్నది. రాత్రి సిస్టర్ ఫోన్ చేస్తే ఎత్తుతాడా అన్నది అందులో లేదు.

మణిపాల్_రిటర్న్
స్కేల్ మొత్తం దండగ అనకండి బాబాయి గారూ, థీసిస్ పిల్లలు బతకాలి. మణిపాల్‌లో ఫైమర్ అనే అమెరికా వైద్యవిద్య సంస్థతో కలిసి ఐపీఈ మీద ఫ్యాకల్టీకి ఫెలోషిప్పే ఉంది. మీ ప్రిన్సిపాల్ గారికి లెక్క మీద అంత ఆసక్తి ఉంటే ఎవర్నైనా పంపమనండి. ఒక్క కోఆర్డినేటర్ నెత్తిన పెడితే ఆవిడ బదిలీ అయిన రోజున రికార్డూ బదిలీ అవుతుంది.

గోదారి_గట్టు
సోమవారం కథ చెప్తాను. 46నీ కొట్టేయలేదు, దాచలేదు. మూడు గంపల్లో వేశాను. "పక్కపక్కన కూర్చున్నవి" 37. "కలిసి పని చేసినవి" 7. "కలిసి పేషెంటు దగ్గర పని చేసినవి" 2. ప్రిన్సిపాల్ గారు చాలాసేపు కాగితం చూసి, "ఈ పేర్లే పెట్టి ఇస్తావా నాక్ వాళ్లకి?" అన్నారు. వాళ్లకి ఇంగ్లీషులో ఇస్తాను సార్ అన్నాను. నవ్వారు. కొత్త చీటీకి, కోడ్‌కి ఒప్పుకున్నారు. సుబ్బారావు గారి వరుసలు, పద్మ గారి చీటీ, బాబాయి గారి రెండు గడులు, అన్నీ కలిపేశాను. పాత మూడేళ్లవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాం, పేషెంట్ సేఫ్టీ డేకి 163 అనే.

ఓరుగల్లు_కుర్రాడు
సాయికిరణ్‌లకు వేర్వేరు కోడ్ ఇయ్యున్రి అక్కా, మర్వకున్రి.

గోదారి_గట్టు
నెల తర్వాత మళ్లీ వచ్చాను. 14 యాక్టివిటీలు, 112 చీటీలు. అందులో 19 చీటీల్లో ఒకరి రాత లేదు, ఎవరో మధ్యలో వెళ్లిపోయారు. అది కూడా రాసుకున్నాను, ఎక్కువగా ఏ పూట వెళ్లిపోతున్నారో చూస్తే మధ్యాహ్నం బస్సు టైమ్. ఇకమీద పొద్దునే పెడుతున్నాం.

అసలు చెప్పాల్సింది ఇది. పివట్ వేస్తే డెంటల్ కాలమ్ మొత్తం ఖాళీ. సున్నా. ఫార్ములా తప్పేమో అని రెండుసార్లు చూశాను. పాత షీట్లు తీశాను, వాటిలోనూ హాల్ నింపినప్పుడు తప్ప వాళ్లు ఎక్కడా లేరు. మూడేళ్లలో ఎవ్వరం గమనించలేదు. వాళ్ల బిల్డింగ్ మా క్యాంటీన్ ఎదురుగానే ఉంది.

పంటి_గూటిలో_పాట
రెండేళ్లుగా ఇక్కడ చదవడమే కానీ రాయలేదు. డెంటల్ నాది. మమ్మల్ని ఎవరూ పిలవరు మేడమ్, మేమూ వెళ్లం. షుగర్ పేషెంట్ల చిగుళ్లు రోజూ చూస్తాం, వాళ్ల షుగర్ చూసే డాక్టరు ఎవరో మాకు తెలియదు. వెంటిలేటర్ మీదున్నవాళ్ల నోరు శుభ్రం చేసేది సిస్టర్లు, మా పిల్లలు ఒక్కరోజైనా ఐసీయూ చూడలేదు.

సిస్టర్_అమ్మాజీ
ఐసీయూలో నోరు శుభ్రం చేయడం మా పిల్లలు చూపిస్తారు, మీవాళ్లని పంపండి. పళ్ల మధ్య ఏం చూడాలో మీరు చూపించండి. చీటీ మీద సంతకం నాది కూడా ఉంటుంది, ముందే చెప్తున్నా.

పంటి_గూటిలో_పాట
రెండు సంతకాలు పెట్టండి మేడమ్, మాకేం అభ్యంతరం. మీది ఏ ఊరో చెప్తే మా ప్రిన్సిపాల్‌తో మాట్లాడతాను.

గోదారి_గట్టు
మా డెంటల్ వాళ్లతో వచ్చే గురువారం ఐసీయూలో మొదలు, ఆరుగురితో. డెంటల్‌కి కోడ్ అక్షరం "డె" పెట్టాను. సుబ్బారావు గారూ, షీట్ ఖాళీ నమూనా అడిగినవాళ్లు ఎక్కువయ్యారు, పేర్లన్నీ తీసేసి రేపు ఇక్కడే పెడతాను.

హౌస్‌సర్జన్_గోడు
గురువారం సమోసాలు ఉన్నాయా?

గోదారి_గట్టు
ఐసీయూలో సమోసాలేంటి బాబూ.